గేటు నుండి పదకొండు అడుగులు

మా చర్చి సమాధుల తోటలో గోడ పక్కన ఎవరూ లేరని మొదట చెప్పింది నేనే. గట్టిగా చెప్పాను. ఏదైనా గట్టిగానే చెప్తాను. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు అలా తయారైందని మా ఆయన అంటాడు. పెళ్లినాటికే అలా ఉండేదని మా అత్తమ్మ అంటుంది.

కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను వెబ్ ప్రోగ్రామింగ్ ల్యాబు చూస్తాను. మేముండేది మేడ్చల్‌లో. మా చర్చిలో కంప్యూటర్ తెలిసినవాళ్లకు కరువేమీ లేదు. కొంపల్లిలో విల్లాలు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఆదివారం బిర్యానీ మీదున్న శ్రద్ధ చర్చి పనుల మీద ఉండదు, అంతే తేడా. అందుకే రోడ్డు వెడల్పు సంగతి వచ్చినప్పుడు అయ్యగారు తిన్నగా మా ఇంటికే వచ్చారు. పాస్టరుగారిని మేం అయ్యగారనే పిలుస్తాం.

సమాధుల తోట రోడ్డుకు ఆనుకొని ఉంది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు కాబట్టి ముందువైపు గోడను కొన్ని అడుగులు లోపలికి జరపాలి. ఆ మేర ఎవరి సమాధులున్నాయో చూసి, ఇంటివాళ్లకు చెప్పి, ప్రార్థన చేసి, వెనక కొత్త వరుసల్లోకి మార్చాలి. పాత సమాధుల్లో చాలావాటికి రాయి లేదు, సిలువ లేదు. ఉన్నదల్లా ఒక రిజిస్టరు. ఎప్పుడో పెద్దల కాలంలో ఒక ఉపదేశి, అంటే అయ్యగారి కింద సంఘం చూసుకునే మనిషి, మొదలుపెట్టి, చనిపోయేదాకా తన చేత్తోనే రాసిన లావుపాటి పుస్తకం.

"టీచరమ్మా, గీ పుస్తకం కంప్యూటర్ల ఎక్కిస్తె, ఎవరు యాడున్నరో పేరు కొట్టంగనే దొరకాలె," అన్నారు అయ్యగారు.

"దొరుకుతది అయ్యగారూ. ముందుగాల ఎవరన్నా టైపు చెయ్యాలె గదా. నేనైతె చెయ్య."

మా చర్చి యూత్‌లో నలుగురు ఆడపిల్లలు నెల రోజులు కూర్చుని టైపు చేశారు. కళ్లకు ఏది కనబడితే అది కొట్టారు. పేజీ నంబర్లు కొట్టారు, మాసిపోయిన చోట "మాసినది" అని కొట్టారు, చెదలు తిన్న చోట "చెదలు" అని కొట్టారు. వందల పేజీలు కలిసి ఒకే ఫైలుగా నా చేతికొచ్చాయి. దాంట్లోంచి మనుషులను వేరుచేసి, పేరూ వరుసా చూపించే పేజీ తయారుచెయ్యడం నా పని.

ఇంత రాతలోంచి ఒకటి వెతకాలంటే, మాట తెలిస్తే ఆ మాటతోనే వెతకొచ్చు. మాట తెలియకుండా దాని ఆకారం మాత్రం తెలిస్తే, ఆ ఆకారాన్ని గుర్తులతో రాసి ప్రోగ్రాముకు ఇస్తాం. దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. నేను పిల్లలకు నమూనా అని చెప్తాను. మా కాలేజీ బస్సు డ్రైవరు ఏ పిల్ల ముఖమూ చూడడు, మెడలో కార్డు తాడు రంగు చూసి ఎక్కించుకుంటాడు. తాడు ఇంట్లో మరిచిపోయిన పిల్ల నాలుగేళ్లుగా అదే బస్సెక్కుతున్నా ఆ పొద్దు రోడ్డు మీదే. నమూనా పని చేసే తీరు కూడా ఇదే.

రిజిస్టరులో మనుషుల ఆకారం నాకు తేలిగ్గానే దొరికింది. రాసిన పంక్తి మొదట్లో అంకె, ఆ వెంటనే చుక్క, తర్వాత పేరు, తండ్రి పేరో భర్త పేరో, చివర ఎన్నో వరుసలో ఎన్నో సమాధి. పీహెచ్‌పీ అనే ప్రోగ్రాము భాషలో అరగంటలో రాశాను. తెలుగు పేర్ల కోసం అక్షరాలతో పాటు గుణింతపు గుర్తులను కూడా నమూనాలో చేర్చాలి, లేకపోతే పేరు మధ్యలో తెగుతుంది. ఆ జాగ్రత్త కూడా తీసుకున్నాను, దాని గురించి ఇంట్లో కాస్త గొప్పలు కూడా పోయాను. వినేవాళ్లు ఎవరూ లేకపోయినా సరే.

నమూనాకు సరిపోని పంక్తి ఎదురైతే ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. నేను ఒకే మాట రాశాను: కంటిన్యూ. వదిలేసి ముందుకు పొమ్మని దానర్థం. రాసే ముందు, సరిపోనివి ఎలాంటివో ఒక స్క్రీను మేర చూశాను. పేజీ నంబర్లు, మాసినది, చెదలు, మళ్లీ పేజీ నంబరు. చెత్త. కిందికి జరిపి చూడలేదు.

అయ్యగారు ఆ జాబితా చర్చి గుమ్మం దగ్గర అంటించారు, ఫోన్లకు కూడా పంపారు. దాని ప్రకారం సమాధులన్నీ నడిచే దారికి అవతలే మొదలవుతాయి. దారికీ ముందుగోడకూ మధ్యనున్న నేల ఖాళీ. కమిటీవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఎవరినీ కదపనక్కరలేదు. గోడ కూలగొట్టుకోవచ్చు, పునాది తవ్వుకోవచ్చు.

ఆ సాయంత్రం మా అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ నన్ను అడిగింది. డెబ్బై దాటిన మనిషి. ఆమెకూ నాకూ మాటా మాటా రాని రోజు లేదు, కానీ అది అలాంటి గొంతు కాదు.

"పిల్లా, గోడ పొంటి ఉన్నోళ్ల పేర్లు వచ్చినయా అండ్ల?"

"గోడ పొంటి ఎవ్వరు లేరత్తమ్మా."

"మంచిగ సూసినవా?"

"నేను సూసుడేంది, ప్రోగ్రాం సూసింది. నీ కండ్ల లెక్క దానికి మసకలు రావు."

"గట్లనా," అంది.

అని ఒలవడం సాగించింది. కాసేపయ్యాక చూస్తే గింజలు చెత్తబుట్టలో ఉన్నాయి, తొక్కలు గిన్నెలో ఉన్నాయి. నేను దానికి కూడా ఒక మాట అన్నాను. ఏమన్నానో గుర్తుంది, ఇక్కడ రాయను.

మూడు ఆదివారాలు గడిచాయి. గోడ పక్కన మావాళ్లున్నారని ఎవరూ రాలేదు. సోమవారం పొద్దున తోట దగ్గర జేసీబీ దిగింది. నేను కాలేజీకి వెళ్తూ చూశాను. పసుపురంగు బండి గేటు దగ్గర నిలబడి ఉంది, డ్రైవరు టీ తాగుతున్నాడు.

ఆ రోజు ల్యాబులో పాఠం నమూనాల గురించే. ఫారంలో నింపిన ఫోను నంబరు సరైనదో కాదో ఎలా పట్టుకోవాలో చెప్తున్నాను. మొదటి బెంచీ పిల్ల ఒకతి, ఎప్పుడూ నోరు విప్పనిది, చెయ్యి లేపింది.

"మేడమ్, సరిపోని లైన్లన్ని యాడికి పోతయి?"

"ఎక్కడికీ పోవు. మనం చూడం, అంతే."

"అండ్ల నిజమైనది ఉంటె?"

"ఉంటే నీ నమూనా తప్పు. కూర్చో."

అని బోర్డు వైపు తిరిగాను. మార్కరు చేతిలోనే ఉంది. మంచిగ సూసినవా అన్న గొంతు వినిపించింది. మూడు వారాల కింద విన్నప్పుడు అది ప్రశ్నే అనుకున్నాను. ఇప్పుడు అది ప్రశ్నలా లేదు. వేరే ఎవరినీ అడగడానికి లేక నన్ను అడిగినట్టు ఉంది.

పిల్లలకు ఏదో లెక్క ఇచ్చి నా ల్యాపుటాపు తెరిచాను. యూత్ పిల్లలు టైపు చేసిన ఫైలు ఉన్నదున్నట్టే ఉంది. పీహెచ్‌పీలో ఒక వీలుంది: నమూనాకు సరిపోయినవి కాకుండా, సరిపోనివి మాత్రమే ఇమ్మని అడగవచ్చు. ఒక చిన్న మాట చేర్చాలి. చేర్చాను.

పేజీ నంబరు. మాసినది. చెదలు. పేజీ నంబరు. స్క్రీను నిండింది. ఈసారి కిందికి జరిపాను.

— పేరు లేదు. మగశిశువు. రెండు దినములు. గోడ ప్రక్కన.

పేజీ నంబరు.

— బండి తోలువాని ఆడశిశువు. పుట్టుకతోనే. గోడ ప్రక్కన, గేటు నుండి ముప్పది అడుగులు.

చెదలు.

— చేపలు పట్టువాని కవలలు. ఇద్దరును. గోడ ప్రక్కన.

అంకె ఉండాల్సిన చోట అడ్డగీత. ఒక్కో పేజీలో ఒకటి, కొన్ని పేజీల్లో మూడు. బాప్తిస్మం కాకముందే పోయిన పసికందులు. ఉపదేశి వాళ్లకు అంకె ఇవ్వలేదు, అంకె సంఘంలో చేరినవాళ్లకే. పేరుండదు కాబట్టి తండ్రి పని రాశాడు. వరుసల్లో చోటివ్వలేదు కాబట్టి గేటు నుంచి అడుగులు కొలిచి రాశాడు. అంకె ఇవ్వని మనిషి అడుగులు ఎందుకు కొలిచాడో నాకు ఇప్పటికీ అంతుచిక్కదు. వంగి, ఒక్కో అడుగూ పాదంతో కొలుచుకుంటూ గోడ వెంబడి నడిచి ఉంటాడు.

నేను ఒక్కొక్కటీ చదువుతున్నాను. చదివినకొద్దీ ఇంకా వస్తున్నాయి. వాళ్లందరినీ ఒకే మాటతో, ఒక్క క్షణం కూడా పట్టకుండా, వదిలేసి ముందుకు పొమ్మన్నది నేను.

తర్వాత ఇది వచ్చింది.

— జీడిమెట్ల బాయిలరు పనివాని ఆడశిశువు. ఒక దినము. గోడ ప్రక్కన, గేటు నుండి పదకొండు అడుగులు.

మా మామగారు జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పని చేసి రిటైరయ్యారు. ఆ కాలంలో మా సంఘంలో ఆ పని చేసినవాళ్లు ఇంకెవరూ లేరు. మా ఆయనే ఆ ఇంట్లో తొలి సంతానం. అలాగని అందరూ చెప్పేవాళ్లు.

ఏటా సమాధుల పండుగనాడు మా అత్తమ్మ రెండు కొవ్వొత్తులు పట్టుకొని వస్తుంది. ఒకటి మామగారి సమాధి మీద వెలిగిస్తుంది. రెండోది గోడ కింద, వట్టి నేల మీద. గోడకెందుకు కొవ్వొత్తి అని నేను ఏటా అడిగేదాన్ని. గాలికి అడ్డముంటది బిడ్డా, అనేది. ఆ చోటు కూడా ఏటా మారేది. ఒకసారి గేటు దగ్గర, ఒకసారి మధ్యలో, ఒకసారి ఆ చివర. ఆమెకు గాలి దిక్కు కూడా తెలియదని నేను ఇంట్లో నవ్వించేదాన్ని.

అయ్యగారికి ఫోన్ చేశాను.

"జేసీబీ ఆపుండ్రి అయ్యగారూ."

"ఎందుకమ్మా?"

"ముందుగాల ఆపుండ్రి. ఏ దిక్కు నుంచి తవ్వుతున్నరు?"

"గేటు దిక్కు నుంచే షురూ చేసిండ్రు. శానా అయింది."

బండి మీద ఎలా వచ్చానో తెలియదు. వచ్చేసరికి జేసీబీ ఆగి ఉంది. గోడ లేదు. గోడ ఉన్న చోటు పక్కన గేటు నుంచి సగం దాకా నడుములోతు కాలువ తవ్వేశారు. నేను ల్యాపుటాపు తెరిచి గేటు స్తంభం మీద పెట్టి అయ్యగారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదివారు.

"మరి నీ కంప్యూటర్ల గివన్ని ఎందుకు రాలేదమ్మా?"

"మీ పుస్తకంల వాళ్లకు నంబరు ఎందుకియ్యలేదు?"

"నేనా రాసింది?"

"నేనా పూడ్చింది?"

జేసీబీ డ్రైవరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ జగడం నేనే మానేశాను. వాదనలో నేను ఓడిపోనని నాకు తెలుసు. పుస్తకం అలాగే ఉంది, పిల్లలు అలాగే టైపు చేశారు, నమూనా నేను చెప్పిందే చేసింది. ప్రతి ఒక్కరూ ఉన్నది ఉన్నట్టు చేశారు. కిందికి జరిపి చూడనిది నేనొక్కదాన్నే.

తవ్వని సగంలో ఉన్నవాళ్లకు రిజిస్టరు కొలతల ప్రకారం సున్నంతో గుర్తులు పెట్టించాం. ఆ తర్వాత నేను పదకొండు అడుగుల దగ్గరున్నది మా అత్తమ్మ బిడ్డేనని చెప్పి, మేస్త్రి దగ్గర టేపు అడిగి, ఒక కొస గేటు స్తంభానికి పట్టుకోమని అయ్యగారికి ఇచ్చి, రెండో కొస పట్టుకొని నడిచాను. నాలుగు అడుగులకే కాలువ వచ్చింది. ఇంక నడవడానికి లేదు. అంచు మీద నిలబడి టేపును చాచాను. పదకొండో అంకె గాలిలో, కాలువ మీద, ఊగుతూ ఉంది. దాని కింద ఏమీ లేదు. తడి లేని, వేరు లేని, నున్నగా కోసిన ఎర్రమట్టి గోడ.

"యాభై ఏండ్లయి ఉంటది," అన్నారు అయ్యగారు మెల్లగా. "ఒక్క రోజు పిల్ల. ఏం మిగుల్తదమ్మా. పెద్దామెకు గా తవ్వని దిక్కు ఒక జాగ చూపిద్దాం. అక్కడనే ప్రార్థన చేద్దాం. ఆమె మనసు కుదుటపడ్తది."

ఆయన మంచి మనిషే. ఆ మాట నాకూ తోచింది, అబద్ధమెందుకు. పదకొండును నూటపది చెయ్యడానికి ఎంతసేపు. ఆమెకు చదువు రాదు, టేపు పట్టదు. కానీ ఆమెకు ఒకరు ఏదో చెప్పి ఊరుకోబెట్టడం ఇది మొదటిసారి కాదని నాకు అనిపించింది. ఇంటికి వెళ్లాను.

అత్తమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. నేను ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. ఉన్నది చెప్పాను. పుస్తకంలో ఉందని చెప్పాను. నేనే తీసేశానని చెప్పాను. కాలువ తవ్వారని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు గట్టిగా లేదు.

ఆమె కుర్చీ నా వైపు జరుపుకుంది. తర్వాత, "ఏం రాసిండు?" అంది.

ఆ పంక్తి చదివాను. ఒక దినము అన్నచోట చెయ్యెత్తి ఆపింది.

"దినం గూడ గాదు. మాపటికి పుట్టింది. తెల్లారంగ పోయింది. బాలింతను, నన్ను అర్రల నుంచి బయటికి రానియ్యలే. మీ మామ, గా ఉపదేశి ఇద్దరే తీస్కపోయిండ్రు. యాడ పెట్టిండ్రంటె చెప్పకపోయిరి. చెప్తె నేను పోయి ఆడనే కూసుంటనంట. మా అత్త చెప్పద్దన్నదంట. ఒక్కపారి, నీ మొగడు నా కడుపుల పడ్డంక, గోడ పొంటి అన్నడు మీ మామ. మల్ల ఎన్నడు అడగలే."

"నేను మంచిగ సూడలే అత్తమ్మా."

"నువ్వు సూడలే. వాళ్లు చెప్పలే. నేను అడగలే. నువ్వు గిప్పుడన్న వచ్చి చెప్పినవ్."

ఆ మాటలో నన్ను మన్నించినట్టూ లేదు, తిట్టినట్టూ లేదు. తిట్టి ఉంటే నాకు తెలిసిన దారే కాబట్టి బాగుండేది.

మా ఆయనకు డ్యూటీ నుంచి వచ్చాక తెలిసింది. నాకు అక్క ఉండెనా, అని అడిగాడు. స్నానానికి వెళ్లి, నీళ్ల చప్పుడు ఆగిపోయాక కూడా చాలాసేపు బయటికి రాలేదు.

మరుసటి రోజు అయ్యగారు వచ్చి మా అత్తమ్మ పక్కన కూర్చుని ప్రార్థన చేశారు. తర్వాత నాకు చెప్పిన మాటే ఆమెకూ చెప్పారు.

"బాధపడకమ్మా. గన్నేండ్లల్ల మట్టిల మట్టి అయిపోయింది బిడ్డ. మట్టే గదా."

"మట్టే అంటవా అయ్యగారూ?"

"మట్టేనమ్మా."

"గట్లయితె గా మట్టి యాడ పోసిండ్రో చెప్పుండ్రి."

అయ్యగారు నా వైపు చూశారు. నేనేం సాయం చెయ్యలేదు. ట్రాక్టరువాళ్లకు ఫోన్లు చేసి కనుక్కోవడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. శామీర్‌పేట పోయే తోవలో ఒక కొత్త వెంచర్, అందులో పల్లంగా ఉన్న ఒక ప్లాటు నింపడానికి పోశారట.

శనివారం పొద్దున అత్తమ్మను బండి మీద వెనక కూర్చోబెట్టుకొని వెళ్లాను. దారి పొడుగునా ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. ఇన్నేళ్లలో నేను ఆమెను బండి మీద ఎన్నిసార్లు తీసుకుపోయానో, ఎప్పుడూ సీటు వెనక కడ్డీయే పట్టుకునేది.

వెంచర్‌లో సిమెంటు రోడ్లు, నంబరు రాళ్లు, ఇంకా ఇళ్లు లేవు. మేం వెతికే ప్లాటు దూరం నుంచే తెలిసింది. చుట్టూ నల్లటి నేల మధ్య అదొక్కటే ఎర్రగా ఉంది. మూలన రేకుల గుడిసె ముందు వాచ్‌మన్ భార్య బట్టలు ఆరేస్తోంది.

"ఎవలు గావాలమ్మా?"

"ఎవలు వద్దు బిడ్డా. మట్టి సూద్దామని వచ్చినం," అంది అత్తమ్మ.

"మట్టి సూసుడేంది? ప్లాటు కొంటరా?"

"కొనం. సోమారం గీ మట్టి తెచ్చిండ్రు గదా, మొదటి ట్రిప్పు యాడ పోసిండ్రు?"

నేను ఆగిపోయాను. గేటు వైపు నుంచి తవ్వడం మొదలుపెట్టారని నేనే చెప్పాను. పదకొండు అడుగులు మొదటి ట్రిప్పుల్లోనే వచ్చి ఉంటాయని ఆమె ఈ నాలుగు రోజులూ కూర్చుని లెక్కేసుకుంది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

వాచ్‌మన్ భార్య బట్ట దులిపి తీగ మీద వేసి, చేత్తో చూపించింది. "మొదలు గా రోడ్డు మూలకు పోసిండ్రు. తర్వాత బండితోని సాపు చేసిండ్రు. ఎందుకమ్మా?"

అత్తమ్మ జవాబు చెప్పకుండా ఆ మూలకు నడిచింది. చెప్పులు ప్లాటు బయటే విడిచింది. నేనూ విడిచాను.

"గీడ ఏమొస్తది బిడ్డా, ఇల్లు కడితె?"

"ఇల్లు లోపటికి వస్తదంట. గీ ముందల కారు పెట్టుకుంటరంట సార్ వాళ్లు."

"కారైతె పొద్దుగాల పోయి మాపటికి వస్తది గదా."

"వస్తది. రాకపోతె యాడికి పోతది," అని వాచ్‌మన్ భార్య నవ్వింది.

"మంచిగనే ఉన్నది," అంది అత్తమ్మ. మెల్లగా వంగి, ఒక చెయ్యి నేలకు ఆనించి, కూర్చుంది. ఎండ ఎక్కుతోంది. కొంగు తల మీదికి లాక్కుంది.

"నేను కొద్దిసేపు కూసుంట. నువ్వు బండి నీడకు పెట్టుకో పో."

ఆ వెంచర్ మొత్తంలో ఎక్కడా నీడ లేదు. అయినా నేను బండి జరిపి, ఆమె మాటలు వినబడనంత దూరంలో నిలబడ్డాను.